ఐదుగురు కుర్రాళ్ల సంఘం

అమెరికా విశ్వవిద్యాలయాల కథ – 9

1781 జనవరి 6. బెనెడిక్ట్ ఆర్నాల్డ్ అప్పటికే అమెరికన్ సైన్యాన్ని వదిలి బ్రిటిష్ వైపు చేరిపోయాడు. జేమ్స్ నది మీదుగా బలగాలతో వచ్చి ముందురోజే రిచ్‌మండ్‌లో అడుగుపెట్టాడు. అక్కడికి ఎంతో దూరం లేని విలియమ్స్‌బర్గ్‌లో, విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు కొందరు ఒకచోట చేరారు. అధ్యక్ష స్థానంలో ఉన్నది విలియం షార్ట్, వయసు ఇరవై ఒకటి. నాలుగేళ్లుగా తాము నడుపుతున్న సంఘాన్ని ఇక నడపలేమని వాళ్లకు అర్థమైంది. తీర్మానాల పుస్తకాన్నీ మిగతా కాగితాలనూ కట్టగట్టి, ముద్ర వేసి, కాలేజీ స్టీవర్డుకు అప్పగించారు. పరిస్థితులు కుదుటపడితే మళ్లీ తెరుద్దామనుకున్నారు. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

ఆ సంఘం పేరు ఫై బీటా కప్పా. ఇవాళ అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువులో ముందున్న విద్యార్థులను సభ్యులుగా ఎన్నుకునే ‘ఆనర్ సొసైటీ’లు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటికీ మూలం ఇదే. గత భాగంలో వలసపాలన కాలపు కాలేజీల్లో పాఠాలు, శిక్షలు, భోజనశాలలు ఎలా ఉండేవో చూశాం. ఈసారి అదే గోడల మధ్య, పంతుళ్ల కళ్లు కప్పి విద్యార్థులు తమ కోసం తాము కట్టుకున్న ప్రపంచాన్ని చూద్దాం.

కథ మొదలైంది 1776 డిసెంబరు 5న. స్వాతంత్ర్య ప్రకటన వెలువడి అయిదు నెలలు. యుద్ధం అమెరికన్లకు ఏమాత్రం అనుకూలంగా లేదు. అలాంటి రోజుల్లో జాన్ హీత్, థామస్ స్మిత్, రిచర్డ్ బుకర్, ఆర్మిస్టెడ్ స్మిత్, జాన్ జోన్స్ అనే అయిదుగురు విద్యార్థులు ఒక సంఘం పెట్టుకున్నారు. హీత్ తొలి అధ్యక్షుడు.

కాలేజీలో విద్యార్థి సంఘాలు అప్పటికే లేకపోలేదు. 1750లో పుట్టిన ఎఫ్.హెచ్.సి. అనే రహస్య సంఘంలో థామస్ జెఫర్సన్ కూడా సభ్యుడు. ముసలితనంలో, 1819లో రాసిన ఒక ఉత్తరంలో, దానికి పనికొచ్చే ఉద్దేశమంటూ ఏదీ ఉండేది కాదని ఆయనే తేల్చేశాడు. పి.డి.ఏ. అని ఇంకో సంఘం ఉండేది. గ్రీకు భాషలో దిట్ట అయిన హీత్‌ను ఆ సంఘం చేర్చుకోలేదనీ, ఆ పట్టుదలతోనే గ్రీకు అక్షరాల పేరుతో కొత్త సంఘం పెట్టాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, గ్రీకు పేరు మాత్రం నిలిచిపోయింది. తత్వజ్ఞానమే జీవితానికి చుక్కాని అనే అర్థం వచ్చే మూడు గ్రీకు మాటల తొలి అక్షరాలే ఫై, బీటా, కప్పా.

సభ్యులకు ప్రమాణం ఉండేది, రహస్య కరచాలనం ఉండేది, చదరపు వెండి పతకం ఉండేది. ఇవన్నీ ఆ వయసు కుర్రాళ్లకు సహజమైన సరదాలే. అసలు పని చర్చ. ఇద్దరు ఒక పక్షం, ఇద్దరు మరో పక్షం తీసుకుని వాదించుకునేవాళ్లు. సీజర్‌ను చంపడంలో బ్రూటస్ చేసింది న్యాయమేనా? శాంతికాలంలో శాశ్వత సైన్యం కంటే స్వేచ్ఛకు పెద్ద ప్రమాదం ఉందా? రాజ్యానికి వ్యవసాయం మేలా, వర్తకం మేలా? నాటక ప్రదర్శనల వల్ల దేశానికి లాభమా? ఆఫ్రికన్ల బానిసత్వం న్యాయమేనా? తీర్మానాల పుస్తకంలో కనిపించే ప్రశ్నలివి.

చివరి ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో చాలామంది పొగాకు తోటల యజమానుల కొడుకులు. వాళ్ల ఇళ్లలో బానిసలున్నారు, కాలేజీకే బానిసలున్నారు. పాఠం చెప్పే పంతులు తరగతిలో ఈ ప్రశ్న లేవనెత్తి ఉండేవాడని నేననుకోను. కుర్రాళ్లు లేవనెత్తారు. వాదన గెలిచినంత మాత్రాన జీవితం మారిపోదన్నదీ నిజమే. సభ్యుల్లో ఒకడైన బుష్‌రాడ్ వాషింగ్టన్ తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు, పెదనాన్న జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ ఎస్టేటుకు వారసుడయ్యాడు, 1821లో అక్కడి బానిసలను పదులకొద్దీ అమ్మేశాడు. విలియం షార్ట్ దారి వేరు. పారిస్‌లో జెఫర్సన్‌కు కార్యదర్శిగా పనిచేసిన అతను 1798లో ఆయనకు రాసిన సుదీర్ఘమైన లేఖలో బానిసత్వానికి వ్యతిరేకంగా వాదించాడు. ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ఇద్దరు ఇంత దూరంగా జరిగిపోయారు. ఆ సంఘం వాళ్లను ఒప్పించే ప్రయత్నం చేయలేదు, వాళ్ల చేత ప్రశ్న అడిగించింది. పద్దెనిమిదో శతాబ్దపు కాలేజీలో అది చిన్న విషయం కాదు.

జాన్ మార్షల్ కూడా ఈ సంఘంలో సభ్యుడే. సైన్యంలో కెప్టెన్‌గా యుద్ధం చూసి వచ్చి, జార్జ్ విత్ దగ్గర కొద్దివారాలు న్యాయశాస్త్రం చదువుకుంటూ 1780 మేలో చేరాడు. తర్వాతి కాలంలో ముప్పై నాలుగేళ్లపాటు ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, చట్టం రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టేసే అధికారం కోర్టుకు ఉందని స్థిరపరిచింది ఇతనే.

ఈ నాలుగేళ్లలో మొత్తం సభ్యులు దాదాపు యాభైమంది. 1781 జనవరిలో సీలు వేసిన కట్టతోపాటు సంఘమూ ముగిసిపోవలసిందే. ముగియకపోవడానికి కారణం ఎలైషా పార్మెలీ అనే యువకుడు. కనెక్టికట్ నుంచి వచ్చిన ఇతను యేల్‌లో చేరి, హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకుని, విలియమ్స్‌బర్గ్‌లో ఈ సంఘంలో సభ్యుడయ్యాడు. ఉత్తరాదిన కూడా శాఖలు పెడతాను, అనుమతి ఇవ్వండి అని అడిగాడు. 1779 డిసెంబరులో హార్వర్డ్‌కు, యేల్‌కు అధికార పత్రాలు రాసిచ్చారు. 1780 నవంబరులో యేల్ శాఖ, 1781 సెప్టెంబరులో హార్వర్డ్ శాఖ మొదలయ్యాయి. మాతృశాఖ మూతపడినా పిల్లశాఖలు బతికాయి. పార్మెలీ మాత్రం 1784లోనే చనిపోయాడు. చరిత్ర పుస్తకాల్లో అతని పేరు పెద్దగా కనిపించదు. కానీ వర్జీనియా కుర్రాళ్ల సరదాను దేశవ్యాప్త సంస్థగా మార్చిన మనిషి అతనే అని నా అభిప్రాయం.

ఉత్తరాదిలో సంఘం రంగు మారింది. 1787లో డార్ట్‌మత్, 1817లో యూనియన్ కాలేజీ చేరాయి. ఏటా ఒక పెద్ద ఉపన్యాసం, ఒక కవితా పఠనం ఆనవాయితీ అయ్యాయి. 1824 ఆగస్టులో ఎడ్వర్డ్ ఎవరెట్ హార్వర్డ్ శాఖ ముందు మాట్లాడినప్పుడు సభలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన లఫాయెట్ కూర్చున్నాడు. స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికా పక్షాన పోరాడిన ఆ వృద్ధ వీరుణ్ని ఉద్దేశించి ఎవరెట్ పలికిన మాటలకు జనం కన్నీళ్లు పెట్టుకున్నారు.

అంతకంటే గొప్ప ఉపన్యాసం 1837 ఆగస్టు 31న వచ్చింది. కేంబ్రిడ్జిలోని ఫస్ట్ పారిష్ చర్చిలో రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ ‘అమెరికన్ స్కాలర్’ అనే అంశం మీద మాట్లాడాడు. యూరప్ చెప్పిన పాఠాలు వల్లెవేస్తూ ఎంతకాలం ఉంటాం, ప్రకృతినీ పుస్తకాలనూ పనినీ కలిపి మన ఆలోచన మనమే ఆలోచించాలి అన్నది ఆయన మాటల సారాంశం. పుస్తకాలు ప్రేరణ కోసమే తప్ప గుడ్డిగా పూజించడానికి కాదని కూడా చెప్పాడు. హార్వర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఎమర్సన్ తరగతిలో మధ్యస్థంగానే ఉండేవాడు. మార్కుల బలంతో ఆ సంఘంలోకి వచ్చినవాడు కాదు, తర్వాత గౌరవ సభ్యత్వం ఇచ్చి చేర్చుకున్నారు. మంచి మార్కుల విద్యార్థులు నిండిన సభలో మామూలు మార్కుల విద్యార్థి నిలబడి, చదువంటే ఏమిటో చెప్పాడు. అమెరికా మేధా స్వాతంత్ర్య ప్రకటన అదేనని ఆలివర్ వెండెల్ హోమ్స్ తర్వాత అన్నాడు. సంఘం 1932లో ప్రారంభించిన పత్రికకు ‘ది అమెరికన్ స్కాలర్’ అనే పేరే పెట్టుకుంది. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది.

రహస్యం సంగతి ఏమైందో చెప్పాలి. 1826లో న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మోర్గన్ అనే వ్యక్తి ఫ్రీమేసన్ల రహస్యాలు అచ్చువేస్తానని ప్రకటించి మాయమైపోయాడు. మేసన్లే చంపేశారని జనం నమ్మారు. దేశమంతా రహస్య సంఘాల మీద ఆగ్రహం రగిలింది, ఒక రాజకీయ పార్టీయే పుట్టుకొచ్చింది. ఆ సెగ ఫై బీటా కప్పాకూ తగిలింది. 1831లో హార్వర్డ్ శాఖలో పెద్ద చర్చ జరిగింది. మాజీ దేశాధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్, సుప్రీంకోర్టు న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ లాంటి సభ్యులు అందులో పాల్గొన్నారు. రహస్య ప్రమాణం తీసేశారు. మిగతా శాఖలూ క్రమంగా అదే బాట పట్టాయి.

ఇదే ఈ కథలో పెద్ద మలుపు. రహస్యం, స్నేహం, సాయంకాలపు కూడికలు కావాలనుకున్న విద్యార్థులు వేరే దారి చూసుకున్నారు. అప్పటికే 1825, 1827 సంవత్సరాల్లో యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా, సిగ్మా ఫై, డెల్టా ఫై అనే మూడు సంఘాలు పుట్టాయి. ఇవాళ అమెరికా కాంపస్‌లలో కనిపించే ఫ్రెటర్నిటీలు ఆ కొమ్మ నుంచి వచ్చినవే. ఆ సందడి అంతా అటు వెళ్లిపోయాక ఫై బీటా కప్పాకు మిగిలింది గౌరవం ఒక్కటే. పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ చర్చలు తగ్గి, మార్కుల జాబితా చూసి సభ్యులను ఎన్నుకోవడం పెరిగింది. కొన్ని శాఖలు ఏళ్ల తరబడి నిద్రపోయాయి కూడా. 1883లో సరటోగా స్ప్రింగ్స్‌లో ఇరవై అయిదు శాఖలు కలిసి ఉమ్మడి సంస్థగా ఏర్పడ్డాయి. ఆ తర్వాతే ఇప్పుడు మనం చూసే రూపం స్థిరపడింది.

పతకం కూడా రూపం మార్చుకుంది. జేబు గడియారాలకు విడిగా ఉండే కీతో తాళమిచ్చే రోజులవి. పతకానికి ఒక చిన్న కాడ అతికించి గడియారపు కీగా వాడుకోవడం మొదలుపెట్టారు. కీ ఇచ్చే గడియారాలు పోయాయి, సభ్యత్వ చిహ్నంగా బంగారు కీ నిలిచిపోయింది. తర్వాత వచ్చిన సంఘాలు చాలావరకు ఈ కీ ఆకారాన్నే అనుకరించాయి.

ఇక ఎవరికి ప్రవేశం ఉంది అన్న ప్రశ్న. దాదాపు మొదటి వందేళ్ల పాటు ఫై బీటా కప్పా పూర్తిగా తెల్లజాతి మగవాళ్లదే. 1875లో వెర్మాంట్ విశ్వవిద్యాలయ శాఖ లిడా మేసన్, ఎలెన్ హామిల్టన్ అనే ఇద్దరు అమ్మాయిలను ఎన్నుకుంది. విశ్వవిద్యాలయం ఆడపిల్లలకు తలుపు తెరిచి అప్పటికి నాలుగేళ్లయినా కాలేదు. 1877లో అదే శాఖ జార్జ్ వాషింగ్టన్ హెండర్సన్‌ను చేర్చుకుంది. వర్జీనియాలో బానిసగా పుట్టి, తరగతిలో మొదటి స్థానంలో నిలిచిన మనిషి ఆయన.

ఎడ్వర్డ్ బూషే కథ మరీ మనసును కలచివేస్తుంది. యేల్‌లో 1874లో ఆరో స్థానంలో పట్టా తీసుకున్నాడు. రెండేళ్లకే, 1876లో, అక్కడే భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ సాధించాడు. అమెరికాలో ఏ శాస్త్రంలోనైనా ఆ పట్టా పొందిన తొలి నల్లజాతి వ్యక్తి అతనే. యేల్ శాఖ ఆ రోజుల్లో నిద్రాణంగా ఉంది. 1884లో దాన్ని తిరిగి లేపినప్పుడు పాత సంవత్సరాల విద్యార్థులతోపాటు అతన్నీ ఎన్నుకున్నారు. గౌరవం దక్కింది, ఉద్యోగం మాత్రం దక్కలేదు. ఏ విశ్వవిద్యాలయమూ అతనికి పరిశోధన చేసుకునే గది ఇవ్వలేదు. ఫిలడెల్ఫియాలో నల్లజాతి పిల్లల కోసం నడిచే పాఠశాలలో ఇరవై ఆరేళ్లు రసాయన, భౌతిక శాస్త్రాలు చెప్పాడు. ఎన్ని ప్రయోగశాలలు అతని కోసం తెరుచుకోవలసింది! బంగారు కీ సంపాదించినవాడికి కూడా తెరుచుకోని తలుపులు ఆ దేశంలో ఉండేవని ఈ ఒక్క జీవితం చెబుతుంది. 2005లో యేల్, హోవార్డ్ విశ్వవిద్యాలయాలు కలిసి, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం పెట్టిన ఆనర్ సొసైటీకి బూషే పేరు పెట్టాయి.

నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన విశ్వవిద్యాలయాల్లో ఫై బీటా కప్పా శాఖలు రావడానికి 1953 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది ఫిస్క్, హోవార్డ్‌లకు శాఖలు వచ్చాయి. అప్పటిదాకా వాళ్లు ఊరికే కూర్చోలేదు. 1937లో టెనెసీలో ఆల్ఫా కప్పా ము అనే తమ సొంత సంఘం పెట్టుకున్నారు.

సొంత సంఘం పెట్టుకోవడం ఇంజనీర్లూ చేశారు. ఫై బీటా కప్పా సాహిత్యం, చరిత్ర, తత్వం, శుద్ధ శాస్త్రాలు చదివేవారికే తప్ప వృత్తివిద్యల వారికి కాదు. 1885లో లీహై విశ్వవిద్యాలయంలో గనుల శాస్త్రం చెప్పే ఎడ్వర్డ్ విలియమ్స్ ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం టౌ బీటా పై ప్రారంభించాడు. తొలి సభ్యుడు ఇర్వింగ్ హైక్స్. ఈ సంఘం గురించి ఒక చేదు నిజం చెప్పుకోవాలి. అర్హత ఎంతున్నా ఆడపిల్లలకు సభ్యత్వం ఉండేది కాదు. 1936 నుంచి వాళ్లకు ‘మహిళా బ్యాడ్జి’ అని ఒకటి ఇచ్చేవారు. అదే మార్కులు, అదే పరీక్ష, కానీ సభ్యురాలు కాదు. 1969 దాకా ఇలాగే నడిచింది. ఆ బ్యాడ్జిని ప్రోత్సాహం అని పిలిచిన పుస్తకాలున్నాయి. నేను మాత్రం దాన్ని అన్యాయం అనే అంటాను.

1886లో కార్నెల్‌లో పరిశోధకుల కోసం సిగ్మా సై, 1902లో షికాగోలో వైద్య విద్యార్థుల కోసం ఆల్ఫా ఒమేగా ఆల్ఫా, 1904లో ఇల్లినాయ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీర్ల కోసం ఈటా కప్పా ను పుట్టాయి. 1897లో మెయిన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్కస్ యురాన్ అన్ని శాఖల చదువులకూ ఒకే సంఘం ఉండాలని ఫై కప్పా ఫైకి పునాది వేశాడు. ఇతను తర్వాత లాయరై, క్రాన్‌బెర్రీ పండ్ల వ్యాపారంలో దిగి, ఓషన్ స్ప్రే సహకార సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు. సంఘాలు ఇలా పెరుగుతుంటే ప్రమాణాలు ఎవరు చూస్తారన్న సమస్య వచ్చింది. 1925లో కొన్ని ఆనర్ సొసైటీలు కలిసి ఒక ఉమ్మడి మండలిగా ఏర్పడ్డాయి. సభ్యులను ఎలా ఎన్నుకోవాలి, కాలేజీలో శాఖకు గుర్తింపు ఎలా ఉండాలి అన్న కనీస నిబంధనలు ఈ మండలి పెట్టింది.

ఎంపిక ఎంత నిష్పక్షపాతంగా జరుగుతుందన్న ప్రశ్న మన కాలంలోనూ తీరలేదు. 2017లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆల్ఫా ఒమేగా ఆల్ఫా సభ్యత్వాన్ని పరిశీలించింది. పరీక్ష మార్కులు, పరిశోధన, సేవా కార్యక్రమాలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, నల్లజాతి వైద్య విద్యార్థులతో పోలిస్తే తెల్లజాతి విద్యార్థులకు ఎంపికయ్యే అవకాశం దాదాపు ఆరు రెట్లు, ఆసియా మూలాల విద్యార్థులతో పోలిస్తే దాదాపు రెండు రెట్లు ఉందని తేలింది. ఆ రెండో అంకెలో అమెరికాలో వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలూ ఉన్నారు. స్పెషలిస్టు శిక్షణ సీటు కోసం పోటీపడేటప్పుడు ఈ సభ్యత్వం దరఖాస్తులో బరువు తెస్తుంది కాబట్టి ఇది వట్టి పతకం గొడవ కాదు. 2018లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల తమ విద్యార్థుల ఎంపికను నిలిపివేసింది. సరైన పని చేసిందని నేననుకుంటున్నాను.

ఇవాళ ఫై బీటా కప్పాకు దాదాపు మూడు వందల శాఖలున్నాయి. అమెరికాలో పది కాలేజీల్లో ఒకదానికి మాత్రమే శాఖ ఉంటుంది. ఆ కాలేజీలో కూడా కళలు, శాస్త్రాలు చదివినవారిలో మహా అయితే పదిమందికొకరిని ఎన్నుకుంటారు. టౌ బీటా పై మూడో ఏడాది విద్యార్థుల్లో పై ఎనిమిదో వంతునూ, చివరి ఏడాదివారిలో పై అయిదో వంతునూ పరిశీలిస్తుంది. ఆ తర్వాత నడవడిక చూస్తుంది. ఇవి నిజంగా కష్టపడి అందుకునే గౌరవాలు. విమర్శ ఎంత చేసినా ఈ మాట చెప్పకపోతే న్యాయం కాదు.

చివరగా, ఈ ధారావాహిక చదువుతున్న తెలుగు తల్లిదండ్రులకూ, ఎంఎస్‌ చదవడానికి అమెరికా వెళ్లిన పిల్లలకూ ఒక మాట. మంచి జీపీఏ వచ్చిన సెమిస్టరు తర్వాత ‘మీరు ఫలానా ఆనర్ సొసైటీకి ఎంపికయ్యారు, ఫలానా తేదీలోగా రుసుం కట్టండి’ అని ఈమెయిల్ వస్తుంది. వెంటనే డాలర్లు కట్టకండి, అలాగని తీసి పారేయనూ వద్దు. ఆ సంఘానికి మీ కాంపస్‌లో శాఖ ఉందా, అధ్యాపకులెవరైనా బాధ్యులుగా ఉన్నారా, విశ్వవిద్యాలయం దాన్ని తన వెబ్‌సైటులో గుర్తించిందా, ఎంపిక ఏ ప్రమాణంతో జరిగింది అన్నవి మీ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏడాదిలో ఆ సభ్యులు కలిసి ఏం చేస్తారో అడగండి. జూనియర్లకు పాఠాలు చెబుతారా, ఉపన్యాసాలు పెడతారా, ఒకరితో ఒకరు వాదించుకుంటారా? అలాంటి శాఖ దొరికితే సంతోషంగా చేరండి, చేరి ఊరుకోకుండా ఆ పనుల్లో దిగండి. సర్టిఫికెట్టు, కీ తప్ప మరేమీ లేని చోట రుసుం కట్టకపోయినా మీ చదువు విలువ వీసమెత్తు తగ్గదు.

వచ్చే భాగంలో: యూనియన్ కాలేజీ నుంచి దేశమంతా పాకిన ఫ్రెటర్నిటీలు.

(సశేషం)